డి డ్రైవులోని గొంతు

ఆయుధపూజ రోజు ఉదయం పదిన్నరకు, కాకినాడలోని ఒక వాగ్యంత్ర పరిశోధనశాలలో, ఒక కంప్యూటరు డిస్కును తుడిచేశారు. పేరిందేవి గొంతు ఆ డిస్కులో ఉంది. మరెక్కడా లేదు.

ఆ పూట ఈ సంగతి ఎవరికీ తెలియదు. తుడిచినవాడు జోసెఫ్, అక్కడి కంప్యూటర్ల బాగోగులు చూసే మనిషి. తుడవమన్నవాడు చక్రపాణి, ప్రోగ్రామరు.

"అన్నా, నీ డి డ్రైవులో ఇంకేమన్నా ఉంచుకున్నావా?"

"అంతా ప్యాకైపోయింది. తుడిచెయ్."

"సున్నాలు కొట్టేస్తున్నాను మరి, ఇంక తిరిగి రాదు. రేపొద్దున్న నా మీద పడొద్దు."

"కొట్టెయ్ బాబూ. అవతల మేడమ్ హారతికి పిలుస్తున్నారు."

రోగి గొంతు రోగి ఇంటికి వెళ్ళే ప్రోగ్రాములో తప్ప ఇంకెక్కడా మిగలకూడదన్నది పరిశోధనశాల నియమం. సర్వరులోకి ఎక్కించకూడదు, పెన్ డ్రైవులో పెట్టుకోకూడదు. ప్యాకింగు అయిన రోజే అసలును తుడిచేయాలి. చక్రపాణి నియమం తప్పలేదు.

ప్రోగ్రాము పేరు 'పలుకు'. మాట పోయిన మనిషి గడ్డం కింద ఒక పట్టీ కట్టుకుంటుంది. ఏదైనా చెప్పాలనుకున్నప్పుడు అక్కడి కండరాలు కదిలే తీరును పట్టీ పసిగట్టి కంప్యూటరుకు చెబుతుంది. ప్రోగ్రాములో లైబ్రరీ అనే భాగం ఆ కదలికను శబ్దంగా మారుస్తుంది. ఆ శబ్దం ఆ మనిషి గొంతులాగే ఉండాలంటే లైబ్రరీకి ఒక మూస కావాలి. పాత రికార్డింగులు ఉన్నవాళ్ళకు వాటి నుంచి మూస చేస్తారు. పేరిందేవికి రికార్డింగులు లేవు. అందుకని ఆమె కూతురు సత్యశ్రీ జ్ఞాపకం నుంచి తీశారు.

ఈ పద్ధతి కనిపెట్టింది డాక్టర్ రుక్సానా, పరిశోధనశాల అధిపతి. గొంతు పోయినా, విన్నవాళ్ళ చెవిలో అది ఉంటుంది. వాళ్ళను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, తలకు తీగలు అమర్చి, ఆ గొంతును తలచుకోమంటారు. లోపల లేచిన జ్ఞాపకాన్ని యంత్రం చదువుతుంది. చదివిన జ్ఞాపకం అణిగిపోతుంది. మళ్ళీ లేవదు.

ఆగస్టులో సత్యశ్రీ ఆ కుర్చీలో కూర్చుంది. రుక్సానా ఆమెకు ముందే చెప్పింది.

"మీ అమ్మగారు అన్న మాటలు గుర్తుంటాయమ్మా. ముఖం గుర్తుంటుంది. గొంతు మాత్రం ఉండదు. బాగా ఆలోచించుకో."

"దసరాకి అమ్మే మాట్లాడుతుంది కదండీ," అంది సత్యశ్రీ. "ఇంక జ్ఞాపకం దేనికి?"

తీసిన మూస చక్రపాణి కంప్యూటరులో, డి డ్రైవులో, అతని పేరుతో ఉన్న ఫోల్డరులో చేరింది. దాన్ని లైబ్రరీ లోపల పెట్టి కట్టడం అతని పని. అలా కడితే కోడూ గొంతూ ఒకే ఫైలులో ఉంటాయి. ఏ కంప్యూటరులో వేసినా, ఇంటర్నెట్టు లేకపోయినా, పలుకుతుంది. అందుకు మూస ఫైలు పక్కన ఉండే ఒక సెట్టింగును 'లోపల' అని మార్చాలి. మార్చకపోతే అది 'బయట' అనే ఉంటుంది. అప్పుడు లైబ్రరీ లోపలికి మూస వెళ్ళదు, దాని చిరునామా మాత్రం వెళుతుంది.

చక్రపాణి మార్చలేదు. పరీక్షలన్నీ అతను తన కంప్యూటరులోనే చేశాడు. చిరునామాలో చెప్పిన చోట మూస ప్రతిసారీ దొరికింది. ముందే పట్టి ఉంచిన పేరిందేవి కండరాల కదలికలతో నడిపితే, ప్రతిసారీ గొంతు పలికింది.

ఇలాంటి పొరపాటును పట్టేందుకు పరిశోధనశాలలో ఒక ఖాళీ కంప్యూటరు ఉంది. బయటికి వెళ్ళే ప్రతి ప్రోగ్రామునూ ముందు దాని మీద నడిపి చూస్తారు. ఆ రోజు అది బల్ల మీద మిగతా పనిముట్ల పక్కన కూర్చుని ఉంది. నుదుట కుంకుమ బొట్టు, మెడలో బంతిపూల దండ. జోసెఫ్ చర్చికి వెళ్ళేవాడైనా, ఏటా ఆ దండ వేసేది అతనే. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా ముట్టుకోరు. మర్నాడు విజయదశమి. పేరిందేవి ఇంటికి చక్రపాణి పొద్దున్నే బయలుదేరాలి.

తన కంప్యూటరులో చివరిసారి నడిపి చూసుకుని, ప్రోగ్రామును కొత్త ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, చక్రపాణి హారతికి వెళ్ళాడు.

*

పేరిందేవి రాజమండ్రి బస్ కాంప్లెక్స్‌లో మైకు ముందు కూర్చుని బస్సులను పిలిచేది. పదిహేడేళ్ళు పిలిచింది. గొంతులో పుండు వచ్చింది. పరీక్షలు చేసి స్వరపేటిక తీసేశారు. అప్పటికి సత్యశ్రీకి తొమ్మిదేళ్ళు. భర్త అంతకుముందే పోయాడు. ఆ తరువాత పేరిందేవి అదే కాంప్లెక్స్‌లో పాసులు రాసే గదిలో పనిచేసి రిటైరైంది. సత్యశ్రీ ఇప్పుడు హైస్కూల్లో లెక్కలు చెబుతోంది.

చక్రపాణి వెళ్ళేసరికి దానవాయిపేటలోని ఆ ఇంటి ముందు గదిలో పది మంది దాకా ఉన్నారు. కుర్చీలు చాలక ఇద్దరు గుమ్మంలో నిలబడ్డారు. కాంప్లెక్స్‌లో డ్రైవరుగా చేసి రిటైరైన సింహాద్రి కిటికీ పక్కన కూర్చున్నాడు.

"ఏమండీ ఇంజనీరు గారూ, మొదటి మాట నన్ను తిట్టడమే అవుతుందండి, చూస్కోండి," అన్నాడు. "అమలాపురం బండి లేటు తీశానని నామీద కోపం ఆవిడకి. పాతిక సంవత్సరాలైంది తిట్లు తిని. ఆకలి మీదున్నానండి, ఆయ్."

పేరిందేవి నవ్వింది. పట్టీ కట్టుకుంది. చక్రపాణి ల్యాప్‌టాప్ తెరిచి ప్రోగ్రామును నడిపాడు. సత్యశ్రీ తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది.

పేరిందేవి పెదవులు కదిపింది.

ఏమీ వినిపించలేదు. తెర మీద ఒక వాక్యం వచ్చింది. మూస ఫైలు దొరకలేదని, వెతికిన చోటు ఇదీ అని. వెతికిన చోటు డి డ్రైవు. దాని పక్కన చక్రపాణి పేరు.

అతను తన పేరును రెండుసార్లు చదివాడు. బయటికి వెళ్ళి జోసెఫ్‌కు ఫోను చేశాడు.

"ఆ డిస్కు..."

"సున్నాలు కొట్టేశాను కదన్నా. నీ ముందే."

"ఏమన్నా మిగులుతుందా?"

"ఏం మిగలదన్నా," అన్నాడు. "అందుకే కదా అడిగింది."

చక్రపాణి లోపలికి వచ్చి, చిన్న ఇబ్బంది వచ్చిందని అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వేసుకున్నారు. పేరిందేవి పట్టీ విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టింది. సత్యశ్రీ మాత్రం లేవలేదు.

"మళ్ళీ తీసుకోండి నా దగ్గర," అంది.

"ఇంక లేదండి."

"అమ్మ 'సత్యా' అని పిలిచేది. అది గుర్తుంది. పిలిస్తే నేను పరిగెత్తేదాన్ని, అదీ గుర్తుంది." కళ్ళు మూసుకుని తెరిచింది. "చప్పుడు లేదండి. మూకీ సినిమాలా ఉంది."

పేరిందేవి ఫోనులో ఏదో రాసి చక్రపాణికి చూపింది. 'భోంచేసి వెళ్ళు బాబూ' అని ఉంది.

*

"వంటమనిషి గరిటెలన్నీ సర్దుకుని పెళ్ళివారింటికి వెళ్ళాడు," అంది రుక్సానా. "సరుకులు మన ఇంట్లో వదిలేశాడు. మనం ఇల్లు కడిగేశాం. అంతేనా చక్రీ?"

"అంతే మేడమ్."

"రాజీనామా రాస్తావని జోసెఫ్ చెప్పాడు. రాయి. ఆవిడ మాట్లాడాక ఇవ్వు, తీసుకుంటాను."

చక్రపాణి తాను వచ్చిన పని చెప్పాడు. "నేను విన్నాను మేడమ్ ఆ గొంతు. పరీక్షల్లో. నా దగ్గర తీయండి."

"నువ్వు విన్నది ఎంత?"

"ఒకే వాక్యం. దాన్నే మళ్ళీ మళ్ళీ నడిపాను."

"ఒక్క వాక్యంతో మూస అవుతుందా? మూసంటే ఆ మనిషి గొంతు మొత్తం ఒకరి చెవిలో ఉండాలి."

"తీసి చూడండి."

తీశారు. ఆ పని ఒక పూటలో అయిపోయింది. వచ్చిన ముక్క చాలా చిన్నది. దాన్ని లైబ్రరీకి ఇచ్చి నడిపారు. స్పీకరులోంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది: "రావులపాలెం వెళ్ళు బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది." వాక్యం చివర చిన్న జీర ఉంది.

రుక్సానా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇదేనా?"

చక్రపాణి విన్నాడు. ఆ గొంతు అతనికి కొత్తగా ఉంది.

"నాకు తెలియదు మేడమ్," అన్నాడు. "మీరు నా దగ్గర తీసేశారు కదా."

సత్యశ్రీకి ఏం పోయిందో అతనికి అప్పుడు అర్థమైంది. బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. తనకు పోయింది ఒక వాక్యం. ఆమెకు పోయింది మొత్తం గొంతు. కానీ ఆ ఒక్క వాక్యం వరకు ముక్క పనిచేసింది, జీరతో సహా.

"ఒక్క వాక్యంతో మనిషి మాట్లాడదు చక్రీ."

"ఒక్కొక్కరి దగ్గర ఒక్కో వాక్యం మేడమ్. పదిహేడేళ్ళు బస్‌స్టాండులో మైకు పట్టుకుంది ఆవిడ. ఎంతమంది విని ఉంటారో చూసుకోండి."

రుక్సానా తల అడ్డంగా ఊపింది. ఇదివరకు ఆమె ప్రయత్నించింది. ఇద్దరి జ్ఞాపకాలను కలిపి ఒక మూస చేస్తే ఇద్దరికీ చెందని గొంతు వచ్చింది. ఒకరు విన్న మనిషీ మరొకరు విన్న మనిషీ ఒకటి కాదు.

"కలపొద్దు," అన్నాడు చక్రపాణి. "మన ప్రోగ్రామే తీసుకోండి. తెలుగు కంప్యూటరులో తెలుగు బొత్తాలు చూపిస్తుంది, తమిళ కంప్యూటరులో తమిళం చూపిస్తుంది. రెండు భాషల్నీ కలిపి ఒక భాష చేశామా? రెండూ లైబ్రరీలో వేరువేరు అరల్లో ఉంటాయి. ఏది కావలసొస్తే అది తీస్తుంది. ఇక్కడా అంతే చేద్దాం. కోపంగా అన్నప్పుడు కోపం విన్నవాడి ముక్క. నవ్వుతూ అన్నప్పుడు నవ్వు విన్నవాడి ముక్క. మధ్యలో అతుకు తెలియకుండా చూసుకోవడం నా పని."

"ఇచ్చేవాళ్ళకి పోతుంది కదా."

"ఒక్క మాట పోతుంది. మిగతావన్నీ వాళ్ళ దగ్గరే ఉంటాయి."

రుక్సానా స్పీకరు వైపు చూసింది. "ఇంకోసారి వినిపించు," అంది.

*

సింహాద్రి ముందు వచ్చాడు. అతనితో పాటు ఒక వ్యానులో రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు, పుస్తకాల స్టాలు నడిపిన ముసలాయన, టీ కొట్టు మంగతాయారు వచ్చారు. రిటైరైనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో సింహాద్రి పెట్టిన మెసేజీ ఒకటే: 'మన పేరిందేవి గారి గొంతు మన దగ్గరే ఉందంట. తలో ముక్కా ఇచ్చేద్దాం.'

చక్రపాణి ప్రతి ఒక్కరికీ పోయేదేమిటో ముందే చెప్పాడు. ఒక మాట ఎంచుకోవాలి, ఆ మాట ఆమె గొంతులో ఇక వినిపించదు.

"ఏ తిట్టు ఇమ్మంటారు?" అని అడిగాడు సింహాద్రి. "నా దగ్గర చాలా ఉన్నాయండి."

"మీకు బాగా గుర్తున్నది."

"అది ఇవ్వనండి. రెండోది ఇస్తాను."

మంగతాయారు నవ్వు ఇచ్చింది. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని ఇద్దరూ కూర్చున్నప్పుడు పేరిందేవి నవ్వుతూ అన్న మాట ఒకటి ఉంది. ఎవరి గురించో చెప్పనంది. పుస్తకాల స్టాలు ఆయన, కండక్టర్లు ప్రకటనలు ఇచ్చారు. కొత్తపేట, ముమ్మిడివరం, కోరుకొండ, గోకవరం. కుర్చీ ఖాళీ లేకుండా నడిచింది. జోసెఫ్ ఆ వారమంతా వాళ్ళకు టిఫిన్లు మోశాడు.

ముక్కలన్నీ లైబ్రరీలో వేరువేరు అరల్లోకి చేరాయి. ప్రతి ముక్క పక్కనా సెట్టింగు 'లోపల' అని ఉందో లేదో చక్రపాణి చూశాడు. జోసెఫ్ వచ్చి చూశాడు. రుక్సానా వచ్చి చూసింది.

పేరిందేవిని పరిశోధనశాలకు పిలిచారు. సత్యశ్రీ వెంట వచ్చింది. ప్రోగ్రామును ఖాళీ కంప్యూటరులో వేశారు. పేరిందేవి పట్టీ కట్టుకుని పెదవులు కదిపింది.

"నాకు ఆకలిగా ఉన్నది," అంది స్పీకరు. గదిలో ప్రతి మాటా విడివిడిగా, సాగుతూ, గోడకు తగిలి వచ్చినట్టు మోగింది.

పేరిందేవి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇడ్లీ ఏ ప్లాట్‌ఫారం మీదకి తెమ్మంటారండీ?" అన్నాడు సింహాద్రి.

"నీ నోట్లో మన్ను పడ! ఇప్పటిక్కూడా వేళాకోళమేనా?" ఇది వేరే అరలోంచి వచ్చింది. సింహాద్రి లేచి నిలబడ్డాడు. పాత డ్రైవర్లు ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. ఒకాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. పేరిందేవి ఆగకుండా మాట్లాడింది. వాళ్ళ పెళ్ళాల క్షేమం అడిగింది. రాజమండ్రిలో కట్టిన కొత్త ఫ్లైఓవరును తిట్టింది. మంగతాయారును పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు శబ్దం ఉంది.

సత్యశ్రీ గోడ పక్కన నిలబడి ఉంది. చక్రపాణి ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"నాకు తెలియడం లేదండి," అంది ఆమె. "మీరందరూ చెప్పండి. అది అమ్మేనా?"

సింహాద్రి నవ్వడం ఆపాడు. "అమ్మే అమ్మాయ్. అనుమానం అక్కర్లేదు. కాపోతే డ్యూటీలో ఉన్న అమ్మ."

పేరిందేవి కూతురు వైపు తిరిగింది. "సత్యా," అంది. అది కోరుకొండ బస్సును పిలిచినట్టు వచ్చింది. మళ్ళీ అంది. సింహాద్రిని తిట్టినట్టు వచ్చింది. ఆ తరువాత ఆమె ప్రయత్నించలేదు.

చక్రపాణి లైబ్రరీ అరలు తెరిచి చూశాడు. ప్రకటనలున్నాయి, కోపం ఉంది, నవ్వు ఉంది, కబుర్లున్నాయి. పిల్లతో మాట్లాడేటప్పుడు వాడే గొంతు లేదు. అది విన్నది ఒక్క సత్యశ్రీ. ఆమె దగ్గర తీసినది డి డ్రైవుతో పోయింది.

"ఇంకో పిల్ల ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాడు. "అక్కచెల్లెళ్ళ పిల్లలు?"

లేరని పేరిందేవి తల ఊపింది. తరువాత ఏదో తోచినట్టు, పట్టీ సవరించుకుంది.

"పుష్కరాలు," అంది. మైకు గొంతులోనే అంది.

*

పేరిందేవి మైకు దగ్గరున్న రోజుల్లో వచ్చిన గోదావరి పుష్కరాలకు జనం ఎలా వచ్చారో సింహాద్రి చెప్పాడు. బస్సు మీద బస్సు. ప్లాట్‌ఫారం కనిపించేది కాదు. రోజూ పిల్లలు తప్పిపోయేవారు. దొరికిన పిల్లల్ని పోలీసులు మైకు గదిలో కూర్చోబెట్టేవారు. అమ్మానాన్నా వచ్చేదాకా వాళ్ళను చూసుకున్నది పేరిందేవి. మైకు ఆపి వాళ్ళతో మాట్లాడేది.

ఆ పిల్లలకు ఇప్పుడు నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళ ఊళ్ళు ఎవరికీ తెలియవు. సింహాద్రి మళ్ళీ మెసేజీ పెట్టాడు. అది కాంప్లెక్స్ గ్రూపు దాటి ఇతర డిపోలకు, అక్కడి నుంచి ఊళ్ళలోకి వెళ్ళింది. మొదట వచ్చిన ఫోన్లు పనికిరాలేదు. ఒకాయన వేరే పుష్కరాల్లో తప్పిపోయాడు. ఒకామె తప్పిపోయింది రైల్వే స్టేషన్లో.

తునిలో జెరాక్స్ షాపు నడిపే నూకరాజు ఫోను చేయలేదు. షాపు మూసి బస్సెక్కి కాకినాడ వచ్చాడు.

"నాకప్పుడు ఆరేళ్ళండి," అని చక్రపాణికి చెప్పాడు. "మా నాన్న చెయ్యి వదిలేశాను. చీకటి పడేదాకా ఆ గదిలోనే ఉన్నాను. ఆవిడ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకునే బస్సులు పిలిచారండి. బస్సు పిలవడం, మైకు కట్టేసి నాతో మాట్లాడ్డం. మళ్ళీ బస్సు. నాకు రెండు గొంతులూ తెలుసండి."

"మీకు ఏం గుర్తుంది?"

"అన్నీ గుర్తున్నాయి. 'ఏడవకు నాన్నా, నేనున్నానుగా' అన్నారు. బిస్కెట్టు తినిపించారు. కథ చెప్పారు. కథలో కోతి ఉంది." నూకరాజు కుర్చీ వైపు చూశాడు. "మా ఆవిడతో దెబ్బలాట అయినప్పుడూ, షాపు మునిగిపోయిందనుకున్నప్పుడూ అదే తలుచుకుంటానండి. నవ్వకండి."

చక్రపాణి నవ్వలేదు. "ఒక మాట ఇస్తే చాలు," అన్నాడు. "మిగతావి మీకు ఉంటాయి."

"ఒక మాటతో సరిపోద్దాండి, అమ్మా కూతుళ్ళకి?"

చక్రపాణి లెక్క చూసుకున్నాడు. మిగతావాళ్ళ దగ్గర ప్రకటనలు బోలెడు. ఈ గొంతుకు ఇతనొక్కడే. ఒక మాటతో పిలుపు వస్తుంది. మాట్లాడటానికి చాలదు.

"సరిపోదండి," అన్నాడు.

"అయితే ఆ సాయంత్రం మొత్తం తీసేసుకోండి."

"మీకేం మిగలదు."

"ఆవిడ చెప్పిన మాట ఉంటుంది కదండీ. బిస్కెట్టు ఉంటుంది." నూకరాజు చెప్పులు విడిచి కుర్చీలో కూర్చున్నాడు. "ఇన్నాళ్ళు నా దగ్గర అట్టే పెట్టుకున్నాను. వాళ్ళమ్మాయిదంట కదా. ఇచ్చేయండి."

రుక్సానా తీగలు తానే అమర్చింది. సాయంత్రం అతను కుర్చీలోంచి లేచి, కాసిని మంచినీళ్ళు తాగి, ఆఖరి బస్సుకు వెళ్ళాలన్నాడు. జోసెఫ్ అతన్ని బండి మీద బస్‌స్టాండులో దింపి వచ్చాడు.

*

నవంబరు మూడో ఆదివారం ఉదయం, రాజమండ్రి బస్ కాంప్లెక్స్ మైకు గదిలో ఒక ల్యాప్‌టాప్ డబ్బా సీలు తీశారు. మైకును కాసేపు వాడుకోవడానికి అనుమతి సింహాద్రి తెచ్చాడు. గొంతు ఇచ్చినవాళ్ళంతా ప్లాట్‌ఫారాల మీద వినాలన్నది అతని పట్టు. తుని నుంచి నూకరాజు భార్యాపిల్లలతో వచ్చాడు.

చక్రపాణి ఇంటర్నెట్టు ఆపాడు. ఆ కంప్యూటరులోకి అంతకుముందు ఏ ఫైలూ ఎక్కలేదని జోసెఫ్ పరీక్షించి చెప్పాడు. ప్రోగ్రామును, దానితో పాటు లైబ్రరీని ఎక్కించారు. లైబ్రరీ ఒకే ఫైలు. నలభై ఒక్క మంది విన్న గొంతు ఆ ఒక్క ఫైలు లోపల ఉంది.

"ఆ తెరను ఇటు తిప్పన్నా," అన్నాడు జోసెఫ్. "నేనూ చూస్తాను, ఏమంటుందో."

చక్రపాణి ప్రోగ్రామును నడిపాడు. తెర మీద ఏ వాక్యమూ రాలేదు.

సత్యశ్రీ గదిలో లేదు. తల్లికి టీ తెస్తానని మూడో ప్లాట్‌ఫారం చివరికి వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేదాకా ఆగుదామన్నాడు చక్రపాణి. పేరిందేవి వద్దన్నట్టు చెయ్యి ఊపింది. పట్టీ బిగించుకుంది. మైకును ల్యాప్‌టాప్ స్పీకరుకు ఆనించి, స్విచ్చి వేసింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అంది.

ప్లాట్‌ఫారాల మీద కొందరు తలెత్తి చూశారు. ఐదో నంబరు దగ్గర రిటైరైన కండక్టర్లు గుంపుగా ఉన్నారు. వాళ్ళలో ఒకరు రెండు చేతులూ పైకెత్తారు.

"ఒక అమ్మాయి తప్పిపోయినది. పేరు సత్యశ్రీ. వయస్సు తొమ్మిది సంవత్సరములు. రెండు జడలు. చూసినవారు విచారణ కౌంటరు వద్దకు తీసుకురావలెను. అమ్మాయి తల్లి ఇక్కడ ఎదురుచూచుచున్నది."

పేరిందేవి ఊపిరి తీసుకుంది. లైబ్రరీ అర మారింది. చక్రపాణి తెర మీద చూశాడు కానీ, చెవికి అతుకు తెలియలేదు.

"సత్యా. ఎక్కడున్నావే? రా నాన్నా. ఏమీ అననులే, రా. నేనిక్కడే ఉన్నాను."

కిటికీలోంచి చక్రపాణికి మూడో ప్లాట్‌ఫారం కనిపిస్తోంది. సత్యశ్రీ రెండు టీ గ్లాసులతో ఆగిపోయి ఉంది. పక్కన సంచులతో కూర్చున్న ఒకామె లేచి, బెంచీల కింద వంగి వెతుకుతోంది. ఒక కండక్టరు బస్సు మెట్టు మీద నిలబడి అటూ ఇటూ చూశాడు.

"ఏ రంగు గౌనో చెప్పలేదేంటండీ?" అన్నాడు సత్యశ్రీతో. "రెండు జడల పిల్ల. ఇటేమన్నా వచ్చిందాండీ?"

"నేనేనండి," అంది సత్యశ్రీ.

కండక్టరుకు అర్థం కాలేదు. ఆమె నడవడం మొదలుపెట్టింది. రెండో ప్లాట్‌ఫారం దాటాక పరిగెత్తింది. ఒక గ్లాసులో టీ సగం ఒలికింది. సింహాద్రి దారికి అడ్డంగా ఉన్నవాళ్ళను పక్కకు జరిపాడు. నూకరాజు తన కొడుకును భుజాల మీదికి ఎత్తుకున్నాడు. ఆ గొంతును అతను మొదటిసారి వింటున్నవాడిలా విన్నాడు.

సత్యశ్రీ మైకు గది కౌంటరు కిటికీ దగ్గర ఆగింది. లోపల తల్లి, బయట ఆమె. గ్లాసులను కిటికీ అరుగు మీద పెట్టింది.

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. కాంప్లెక్స్ అంతటా ఆ మాట వినిపించింది.

"పంచదార వేయించావుటే?"

వేయించానని సత్యశ్రీ చెప్పింది.